బరువైన గ్యాస్ సిలిండర్ల వల్ల నడుము, వేళ్ల గాయాలు: బెల్టులు, శిక్షణ తరగతులతో తగ్గుతాయా?

గోదాముకాపరి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పారిశ్రామిక వాయువులు నిల్వ చేసి పంపిణీ చేసే ఒక గోదాములో నేను పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్, అసిటలిన్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు మా దగ్గరికి రోజంతా వస్తూ పోతూ ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనిషి ఛాతీ దాటిన ఎత్తుండే ఉక్కు సిలిండర్లే. లీకేజీ, అగ్నిప్రమాదం వంటి విషయాల్లో మా దగ్గర క్రమశిక్షణ బాగానే ఉంది. గోడల మీద హెచ్చరిక బోర్డులున్నాయి, మంటలార్పే సాధనాల తనిఖీ వేళకు జరుగుతుంది, పొగ తాగేవాళ్లెవరూ ఆ ప్రాంగణంలోకి అడుగుపెట్టరు. అయితే ఈమధ్య జరిగిన గాయాల వివరాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, వాటిలో ఒక్కటి కూడా గ్యాస్ వల్ల జరిగినది కాదు. అన్నీ సిలిండర్ బరువు వల్ల జరిగినవే.

వాహనం మీద నుంచి సిలిండర్‌ను అంచుకు లాగుతూ ఒకరికి నడుము పట్టేసింది. నిలబెట్టిన రెండు సిలిండర్ల మధ్య ఇంకొకరి వేలు నలిగింది. పడబోతున్న దాన్ని పట్టుకోబోయి మరొకరు భుజం నొప్పి తెచ్చుకున్నారు, ఆ నొప్పి ఇప్పటికీ తగ్గలేదు. యాజమాన్యం ఈ సమస్యను పట్టించుకోకుండా ఏమీ లేదు. కార్మికులందరికీ నడుము బెల్టులు కొనిపెట్టి, బరువులు సరిగ్గా ఎలా ఎత్తాలో నేర్పే తరగతి ఒకటి నిర్వహిస్తే సరిపోతుందని వారి ఆలోచన. నాకు మాత్రం అనుమానంగా ఉంది, ఎందుకంటే మా దగ్గర ట్రాలీలు ఇప్పటికే ఉన్నా అవి చాలావరకు గోడకు ఆనించే ఉంటాయి, కార్మికులు సిలిండర్లను చేత్తోనే తిప్పుకుంటూ తీసుకెళ్తారు.

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. బెల్టులు, తరగతులు నిజంగా పనిచేస్తాయా? ఒక మనిషి ఎంత బరువు ఎత్తవచ్చన్న దానికి లెక్క ఏదైనా ఉందా? ట్రాలీ ఎదురుగా ఉన్నా ఎందుకు వాడరు? గాయమైన తర్వాత ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలి? ఈ పనిలో అనుభవం ఉన్నవారు చెబితే యాజమాన్యానికి ఇవ్వబోయే నివేదికలో రాసుకుంటాను.

కొలతబద్ద ఇచ్చిన సమాధానం:

కార్ఖానాల్లో పని భద్రత చూసే ఇంజనీరుగా నా అభిప్రాయం చెబుతాను. మీ అనుమానం సరైనదే. ముందు బరువు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి.

50 లీటర్ల నీరు పట్టేంత లోపలి పరిమాణం ఉన్న మామూలు ఉక్కు సిలిండర్ ఖాళీగానే సుమారు 60 కిలోలు తూగుతుంది. 150 బార్ (మామూలు గాలి పీడనానికి సుమారు 150 రెట్లు) పీడనంతో ఆక్సిజన్ నింపితే దానికి కలిసేది పది కిలోలు మాత్రమే. హీలియం నింపితే కలిసేది కిలో పైచిలుకు, అంతే. అంటే మీ గోదాములో 'ఖాళీ' అని రాసిపెట్టిన వరుసలోని ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లు కూడా నిండినవాటితో దాదాపు సమానమైన బరువే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్, వంటగ్యాస్ సిలిండర్ల మాట వేరు, వాటిలో గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది కాబట్టి ఖాళీ అయ్యాక బరువు బాగా తగ్గుతుంది, వంటగ్యాస్ సిలిండర్‌దైతే దాదాపు సగానికి పడిపోతుంది. ఆ అలవాటుతోనే చాలామంది అధిక పీడన సిలిండర్లను కూడా ఖాళీవే కదా అని అజాగ్రత్తగా లాగేస్తారు. మీ గాయాల జాబితాలో ఖాళీ సిలిండర్ల వాటా ఎంతో ఒకసారి విడదీసి చూడండి.

ఇక ఎత్తే లెక్క. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ రూపొందించిన సూత్రం ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దాని ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు సిఫారసు చేసే గరిష్ఠ బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలంగా ఉండడమంటే బరువు శరీరానికి దగ్గరగా, నడుముకు కాస్త దిగువన ఉండాలి, చేతులకు మంచి పట్టు దొరకాలి, నడుము మెలితిప్పనవసరం ఉండకూడదు, అలా ఎత్తవలసిన అవసరం అరుదుగానే రావాలి. వీటిలో ఏది తప్పినా ఆ 23 తరుగుతూ పోతుంది. బరువు చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరానికి బదులు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సగమవుతుంది. నడుము 45 డిగ్రీలు పక్కకు తిరిగితే అందులో మరో 14 శాతం పోతుంది, పట్టు సరిగా లేకపోతే ఇంకో పది శాతం పోతుంది. ఈ మూడూ కలిస్తే మిగిలేది దాదాపు 9 కిలోలు. వాహనం అంచున వంగి, చెయ్యి చాచి, పక్కకు తిరిగి గుండ్రటి నున్నని ఉక్కును లాగే మనిషి సరిగ్గా ఈ పరిస్థితిలోనే ఉంటాడు. అతని చేతిలో ఉన్నది మాత్రం 70 కిలోలు. అందువల్ల ఇంత బరువును 'సరైన పద్ధతిలో' ఎత్తడం నేర్పే తరగతికి అర్థం లేదు. ఆ సిలిండర్‌ను మనిషి ఎత్తవలసిన అవసరమే రాకూడదు.

నిజానికి మీ వాళ్లు ఎత్తడం కంటే తిప్పడమే ఎక్కువ చేస్తారు. సిలిండర్‌ను కొంచెం వంచి, అడుగు అంచు మీద తిప్పుకుంటూ నడిపిస్తారు. నియోష్ సూత్రం ఎత్తడానికే కాని ఈ పనికి వర్తించదు, కాబట్టి దీన్ని విడిగా చూడాలి. మీటరున్నర ఎత్తు, 23 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సిలిండర్ నిటారు స్థితి నుంచి సుమారు 9 డిగ్రీలు వంగితే చాలు, తనంతట తాను పడిపోతుంది. సరిగ్గా ఆ 9 డిగ్రీల దగ్గర చేతికి దాదాపు బరువే తెలియదు, అందుకే అలవాటైనవాళ్లు ఒంటిచేత్తో కూడా తిప్పేస్తారు. అదే 30 డిగ్రీలకు వంగిందంటే పైభాగాన ఉన్న చేతి మీద ఒక్కసారిగా 14 కిలోల దాకా పడుతుంది, ఆ పైన ఇంకా పెరుగుతుంది. నేల మీద చిన్న గుంట, గొట్టపు ముక్క, ఇసుక, నూనె మరక, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 9 నుంచి 30కి చేరడానికి అరక్షణం పట్టదు. నడుము, భుజం ఆ అరక్షణంలోనే దెబ్బతింటాయి.

బెల్టుల విషయంలో యాజమాన్యానికి చెప్పడానికి ఆధారం ఉంది. దుకాణాల్లో సరుకులు మోసే తొమ్మిది వేల మందికి పైగా ఉద్యోగుల మీద నియోష్ జరిపిన అధ్యయనం 2000లో వెలువడింది. బెల్టు పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ నడుము నొప్పిలో గానీ గాయాల్లో గానీ తేడా కనబడలేదు. బరువులెత్తే పద్ధతుల మీద శిక్షణ గురించి అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2008లో చేసిన సమీక్ష కూడా, ఆ శిక్షణ నడుము నొప్పిని నివారిస్తుందని చెప్పడానికి ఆధారం లేదనే తేల్చింది. శిక్షణ వద్దని నేను అనడం లేదు. ట్రాలీ వాడకం, గొలుసు కట్టడం, వాల్వ్ క్యాప్ (వాల్వ్‌ను కప్పే మూత) బిగించడం, పడుతున్నదాన్ని వదిలేయడం, ఇవన్నీ నేర్పవలసినవే. నడుము నిటారుగా, మోకాళ్లు వంచి అని బోర్డు మీద బొమ్మ గీసి చూపించడంతో సరిపెట్టడమే వృథా.

ట్రాలీలు గోడకు ఎందుకు ఆని ఉన్నాయన్న మీ ప్రశ్నకు జవాబు కార్మికుల బద్ధకం కాదని నా నమ్మకం. ఒక రోజంతా ఒక సిలిండర్ వెంటే నడవండి. వాహనం దిగిన చోటి నుంచి వరుసలోకి చేరేదాకా మధ్యలో ఎన్ని గడపలు, మురుగుకాలువ మీది జాలీలు, మెట్లు, ఇరుకు మలుపులు వస్తాయో గుర్తుపెట్టుకోండి. ట్రాలీ ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచే చేతిపని మొదలవుతుంది. ఒక్క గడప దగ్గర ఆగితే చాలు, మొత్తం దారికీ ట్రాలీ తీసుకోవడం మానేస్తారు. చిన్న చక్రాలు, తుప్పుపట్టి బిగుసుకుపోయిన గొలుసు కొక్కెం, ట్రాలీ తెచ్చుకోవడానికి గోదాము రెండో చివరకు నడవాల్సి రావడం, ఇవీ అంతే. నా లెక్కలో బెల్టుల డబ్బుతో రెండు చోట్ల వాలు దిమ్మలు కట్టిస్తే ఫలితం ఎక్కువ.

స్టీరింగ్ ఇచ్చిన సమాధానం:

నేను సిలిండర్ల సరఫరా వాహనం నడుపుతూ, ఎక్కించడం దించడం కూడా చేసే మనిషిని. పైన ఇంజనీరు గారు చెప్పిన లెక్కలు నాకు తెలియవు కాని, 9 డిగ్రీల సంగతి చేతులకు తెలుసు. తిప్పేటప్పుడు సిలిండర్ తేలికగా అనిపించే చోటు ఒకటుంటుంది. కొత్తవాళ్లు అది దొరక్క ఎక్కువ వంచేస్తారు, పాతవాళ్లు అది దొరికింది కదా అని రెండు చేతులతో రెండు సిలిండర్లు తిప్పుతూ పందేలు వేసుకుంటారు. రెండోదే ప్రమాదకరం. ఒకటి జారితే దాన్ని ఆపడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండదు, రెండూ ఒకదానికొకటి కొట్టుకునే చోట వేళ్లుంటాయి.

వేళ్లు నలిగే తీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి వివరంగా చెబుతాను. వరుసలో నిలబడ్డ సిలిండర్ల పక్కన కొత్తదాన్ని చేర్చేటప్పుడు, చివరి జానెడు దూరం దగ్గర మనిషి తెలియకుండానే సిలిండర్ నడుము భాగం చుట్టూ చెయ్యి వేస్తాడు. ఉక్కు ఉక్కుకు తగిలే గీత సరిగ్గా అక్కడే ఉంటుంది. చెయ్యి ఎప్పుడూ క్యాప్ మీద, అరచెయ్యి కిందికి చూసేలా ఉండాలి. రెండో చెయ్యి మన వైపున, సిలిండర్ భుజం దగ్గర ఉండాలి, అవతలి వైపుకు పోకూడదు. చివరి కదలికలో సిలిండర్‌ను లాగకుండా మన నుంచి అవతలికి నెట్టాలి. వాహనం తలుపు చట్రానికీ సిలిండర్‌కీ మధ్య, ట్రాలీ వీపుకీ సిలిండర్‌కీ మధ్య కూడా ఇదే జరుగుతుంది. ఉంగరం పెట్టుకుని ఈ పనికి రావద్దని నేను ఎవరికైనా మొదట చెప్పే మాట.

గ్లౌజుల గురించి ఒక మాట. నూనె, గ్రీజు అంటిన గ్లౌజులతో జారిపోవడం ఒక సమస్య అయితే, ఆక్సిజన్ సిలిండర్ వాల్వ్ దగ్గర అదే నూనె అంటుకుని మండే ప్రమాదం ఇంకో సమస్య. వాహనం టైరు మార్చిన గ్లౌజులు వేరు, సిలిండర్ గ్లౌజులు వేరు అని నేను పాటిస్తాను. మరీ దళసరి గ్లౌజులు కూడా మంచివి కావు, పట్టు ఎక్కడ జారుతోందో వాటిలో తెలియదు.

వాహనం మీద నుంచి దించడమే అన్నిటికంటే కష్టం. కింద పాత టైరు వేసి దాని మీదికి సిలిండర్‌ను జారవిడిచే పద్ధతి చాలాచోట్ల చూశాను. టైరు మీద పడ్డ సిలిండర్ ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు, పైగా ఆ ఎగిరినదాన్ని పట్టుకోవడానికి ఒకడు కింద కాళ్లు చాపి నిలబడి ఉంటాడు. వాహనానికి వెనక దించే లిఫ్టు ఉంటే దానికి అన్ని వైపులా అంచులుండాలి, సిలిండర్లు గొలుసుతోనో పంజరంలోనో ఉండాలి, దాని మీద మనిషి సిలిండర్‌కీ బయటికీ మధ్య నిలబడకూడదు. లిఫ్టు లేకపోతే వాహనం ఎత్తుకు సమానమైన దిమ్మ కావాలి. ఈ రెండూ లేని చోట మనుషుల నడుములే లిఫ్టులవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, పడుతున్న సిలిండర్‌ను వదిలేయాలి. పక్కవాళ్లకు వినబడేలా గట్టిగా అరిచి, కాళ్లు తీసుకుని పక్కకు తప్పుకోవాలి. దాన్ని ఆపగల మనిషి లేడు. వినడానికి సులువే గాని, చెయ్యి తనంతట తానే ముందుకు పోతుంది. అందుకే ఖాళీ సిలిండర్‌ను మెత్తటి చాప మీద కావాలని పడేయించి, పక్కకు తప్పుకోవడం కొత్తవాళ్లతో సాధన చేయించాలంటాను.

గోదాముకాపరి:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్టీరింగ్ గారు చెప్పిన చివరి మాట దగ్గర నాకొక సందేహం ఉంది. పడనివ్వమని కార్మికులకు అధికారికంగా చెబితే, వాల్వ్ విరిగి సిలిండర్ దూసుకుపోతే ఎవరు బాధ్యులని యాజమాన్యం అడుగుతుంది. మా సీనియర్ కార్మికులు కూడా పడేస్తే పేలుతుందన్న భయంతోనే ప్రాణాలకు తెగించి పట్టుకుంటున్నామని అంటున్నారు. ఇంకో విషయం. ట్రాలీ పోని చోట ఇద్దరు కలిసి మోయాలని మేము ఒక నియమం పెట్టుకున్నాం. 70 కిలోలను ఇద్దరు పంచుకుంటే తలా 35 కిలోలే కదా, అది సరైనదేనా?

కొలతబద్ద:

సీనియర్ల భయం ఉత్తది కాదు. 150 బార్ పీడనంలో ఉన్న సిలిండర్ వాల్వ్ విరిగితే వాయువు వెలువడే వేగానికి అంత బరువైన ఉక్కు కూడా గోడలను ఛేదించుకుని పోతుంది. కాని దానికి జవాబు మనిషి చేతులు అడ్డుపెట్టడం కాదు. వాల్వ్‌ను కాపాడే క్యాప్ ఉన్నది అందుకే. కదిలించే ప్రతి సిలిండర్‌కీ క్యాప్ బిగించి ఉండాలి, లేదా వాల్వ్ చుట్టూ శాశ్వతంగా అమర్చిన ఉక్కు కవచం ఉండాలి. రెగ్యులేటర్ తీయకుండా, క్యాప్ పెట్టకుండా సిలిండర్‌ను ఒక్క అడుగు కూడా కదపకూడదన్న నియమం కచ్చితంగా అమలైతే, పడనివ్వండి అని నిర్భయంగా చెప్పవచ్చు. అది అమలు కాని చోట ఆ మాట చెప్పలేము, అప్పుడు కార్మికుడు రెండు ప్రమాదాల మధ్య ఇరుక్కుంటాడు. కాబట్టి మీ నివేదికలో ఈ రెండు నియమాలనూ ఒకే వాక్యంలో రాయండి, విడదీయనివ్వకండి. పడిన సిలిండర్‌ను మళ్లీ వాడుకలోకి పంపకుండా పక్కన పెట్టి, గుర్తు వేసి, నింపే కేంద్రానికి తనిఖీకి పంపాలి. పడేసినందుకు ఎవరినీ మందలించకూడదు. ఒక్కసారి మందలించారంటే, రెండోసారి పడుతున్నదాన్ని ఆ మనిషి తప్పకుండా పట్టుకుంటాడు.

ఇద్దరు మోయడం గురించి: బరువు సగమవుతుంది కాని సామర్థ్యం రెట్టింపు కాదు. బ్రిటన్ భద్రతా శాఖ మార్గదర్శకాల ప్రకారం ఇద్దరు కలిసి ఎత్తేటప్పుడు వారి విడివిడి సామర్థ్యాల మొత్తంలో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకోవాలి. చెరి 25 కిలోలు ఎత్తగలిగిన ఇద్దరికి అది 33 కిలోలు, 70 కాదు. పైగా సిలిండర్‌కు పట్టుకునే చెవులు లేవు. అడుగున వేళ్లు దూర్చినవాడికి పై చివర ఉన్నవాడు ఎప్పుడు దించుతాడో కనబడదు. చిన్న వంటగ్యాస్ సిలిండర్లకు పైన పట్టు ఉంటుంది కాబట్టి ఇద్దరు కలిసి మోయడం కొంత నయం. పెద్దవాటికి మీ నియమాన్ని తీసేసి, ట్రాలీ పోని చోటును సరిచేయడమో, మెట్లు ఎక్కే ట్రాలీ తెప్పించడమో, లేదా అక్కడ చిన్న సిలిండర్లే వాడడమో చేయండి.

బూట్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉక్కు ముక్కు ఉన్న మామూలు భద్రతా బూట్లు 200 జౌళ్ల (జౌల్ అంటే శక్తికి కొలమానం) దెబ్బకు తట్టుకునేలా పరీక్షిస్తారు. 70 కిలోల సిలిండర్ దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నిలువుగా పడితేనే ఆ పరిమితి దాటిపోతుంది. ఆ ఉక్కు ముక్కు కాపాడేది వేళ్లను మాత్రమే, పాదం పైభాగాన్ని కాదు. పాదం పైన కూడా కవచం ఉండే రకం దొరుకుతుంది, సిలిండర్ల పనికి అదే తగినది.

వెన్నుపూస ఇచ్చిన సమాధానం:

పనిలో గాయపడినవారికి ఫిజియోథెరపీ చేస్తుంటాను. నాలుగో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

నడుము పట్టేసిన ప్రతివారికీ స్కానింగ్ అవసరం లేదు. కాలికి పాకని, నరాల లక్షణాలు లేని నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మంచం మీద రోజుల తరబడి కదలకుండా పడుకోవడం మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది, భరించగలిగినంత వరకు నడవడం, మామూలు పనులు చేసుకోవడం మంచిది. కాని కొన్ని లక్షణాలను పర్యవేక్షకుడిగా మీరు కంఠతా పట్టి ఉండాలి. మూత్రం రాకపోవడం లేదా అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపున స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడడం, వీటిలో ఏది కనిపించినా అది వెన్నుపాము చివరి నరాల కట్ట నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. గంటల మీద ఆపరేషన్ అవసరం పడే పరిస్థితి అది, తెల్లవారాక చూద్దాం అనుకోకూడదు. చాలామంది మగవాళ్లు మూత్రం సంగతి పర్యవేక్షకుడి ముందు సిగ్గుతో చెప్పరు, మీరే అడగాలి. ఒక పాదం పైకి లేవకపోవడం, రోజురోజుకీ కాలి బలం తగ్గడం కూడా ఆ రోజే వైద్యుడికి చూపించవలసిన విషయాలు.

వేలు నలిగినప్పుడు మొదట చేయవలసింది ఉంగరం, గడియారం తీసేయడం, ఎందుకంటే వాపు పెరిగాక అవి రావు. వేలు కదులుతోంది కదా అని ఎముక విరగలేదనుకోవద్దు, గోటి కింద నలిగిన గాయాల్లో చివరి ఎముక చిట్లి ఉండడం తరచుగా చూస్తాం. పాదం మీద సిలిండర్ పడి, పైన చర్మం చెక్కుచెదరకపోయినా, నొప్పి గంటగంటకూ పెరుగుతూ, పాదం బిగిసి గట్టిపడి, వేళ్లు మెల్లగా చాపినా భరించలేనంత నొప్పి వస్తుంటే, కండరాల అరల్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగుతోందని అనుమానించాలి. అది కూడా అత్యవసరమే. నొప్పిమాత్ర వేసి ఇంటికి పంపిన కేసుల్లో కాలివేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

మీరు చెప్పిన భుజం కేసు నన్ను ఆందోళనకు గురిచేసింది. పడుతున్న బరువును చాచిన చేత్తో ఆపబోయినప్పుడు భుజం కీలు చుట్టూ ఉండే కండర బంధనాలు తెగే అవకాశం ఉంది. చెయ్యిని సొంతంగా పక్కకు పైకి ఎత్తలేకపోతున్నా, రాత్రి ఆ వైపు పడుకోలేకపోతున్నా మర్దనలు, కాపడాలతో కాలం గడపకుండా ఎముకల వైద్యుడికి చూపించండి. ఒక్కసారిగా తెగినవాటిని త్వరగా సరిచేస్తే ఫలితం బాగుంటుంది, నెలలు గడిచాక ఆ కండరం ముడుచుకుపోయి కుట్టడం కష్టమవుతుంది. అలాగే గజ్జల్లో ఉబ్బు కనబడి పడుకుంటే పోతుంటే అది హెర్నియా కావచ్చు. ఆ ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, వాంతులు మొదలైతే ఆలస్యం చేయకండి.

పని వేళల గురించి ఒక సూచన చేస్తాను. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అందువల్ల నిద్ర లేచిన తొలి గంటల్లో వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. తెల్లవారుజామున మొదలయ్యే షిఫ్టులో వాహనం దించే పనిని మొదటి గంటలోనే పెట్టకుండా ఉండగలిగితే మంచిది. గంటల కొద్దీ వాహనం నడిపి దిగిన మనిషి కూడా వెంటనే సిలిండర్ మీద చెయ్యి వేయకుండా కొన్ని నిమిషాలు అటూ ఇటూ నడవాలి, ఆ సమయంలో రసీదుల పని చూసుకోవచ్చు.

తిరిగి పనిలో చేర్చుకునేటప్పుడు పూర్తిగా తగ్గాకే రమ్మనడమూ సరికాదు, వచ్చిన రోజునే పాత పని అప్పగించడమూ సరికాదు. మొదట నమోదు పని, ఆ తర్వాత నున్నని నేల మీద ట్రాలీ పని, చివరగా దించే పని, ఈ క్రమంలో పెంచుతూ పోవాలి. అతని స్థానంలో ఎవరు చేస్తారన్నది ముందే ఏర్పాటు చేయండి. లేకపోతే పక్కన ఇద్దరు కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోలేక తానే వెళ్లి చెయ్యి వేస్తాడు.

గోదాముకాపరి:

భుజం నొప్పి ఉన్న కార్మికుడిని ఈ వారమే ఎముకల వైద్యుడి దగ్గరికి పంపుతున్నాను. గాయాల నమోదు పుస్తకాన్ని మీ సూచనల ప్రకారం మళ్లీ తిరగేశాను. అందులో గాయం శరీరంలో ఎక్కడ అని రాసి ఉంది కాని, గోదాములో ఎక్కడ అని గాని, సిలిండర్ నిండుదా ఖాళీదా అని గాని, క్యాప్ ఉందా లేదా అని గాని రాసి లేదు. ఆ మూడు గడులు కొత్తగా చేర్చాను. గాయం కాకుండా తృటిలో తప్పినవి కూడా రాయమని చెప్పాను, రాసినవాళ్ల పేర్లు అడగబోనని కూడా చెప్పాను. దించే చోట దిమ్మకూ, వరుసల దగ్గరి జాలీ మీద ఇనుప పలకకూ ఖర్చు అంచనా వేయిస్తున్నాను. ట్రాలీలు కొత్తవి కొనాలంటే ఏ రకం తీసుకోవాలో స్టీరింగ్ గారు చెబితే బాగుంటుంది.

స్టీరింగ్:

చక్రాలు పెద్దవిగా, గట్టి రబ్బరువి ఉండాలి. గాలి నింపే చక్రాలు ఎప్పుడూ ఒకవైపు దిగిపోయి ఉంటాయి, ట్రాలీ అటే లాగుతుంది. వెనక వైపు ఇంకో రెండు చిన్న చక్రాలుండి, వాల్చినప్పుడు బరువును అవే మోసే రకం తీసుకోండి. రెండు చక్రాల ట్రాలీలో వాల్చిన సిలిండర్ బరువు కొంత దారి పొడుగునా చేతుల మీదే ఉంటుంది. అడుగు పలక పల్చగా, నేలకు ఆనేలా ఉంటే సిలిండర్‌ను ఎత్తకుండా కొంచెం వంచి దాని మీదికి తిప్పవచ్చు, మందపు పలక అయితే ప్రతిసారీ ఎత్తాలి. గొలుసు సిలిండర్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర పడాలి, కొక్కెం గ్లౌజు తీయకుండా ఒక చేత్తో తగిలించగలిగేలా ఉండాలి. కొనేముందు ఒక ట్రాలీ తెప్పించి, ఎప్పుడూ ట్రాలీ వాడని మీ సీనియర్ చేతికి ఇవ్వండి. అతను దేని గురించి విసుక్కుంటాడో విని, ఆ తర్వాతే మిగతావి ఆర్డరు పెట్టండి.